శుద్ధరాత్రి పాటలో తండ్రి ఎక్కడ?

(సాంస్కృతికోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు మాకు ఇరవై నిమిషాల వ్యవధి ఇచ్చారు. విషయం కూడా వారే నిర్ణయించారు. ఈ దేశంలో డిసెంబరు నెలలో చెవిన పడే క్రిస్మస్ పాటల్లో ఒకటి తీసుకొని, దాని అర్థం తెలుగులో చెప్పమన్నారు. "తెలుగు సభలో ఈ పాట ఎందుకండీ?" అని అడిగినవారూ లేకపోలేదు. న్యాయమైన ప్రశ్నే. మాకు తోచిన జవాబు ఇది. మనం ఏ మతం వారమైనా ఈ అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలు ఆ పాటలు వింటూనే ఉన్నారు, పాడుతూనే ఉన్నారు. ఇంటికి వచ్చి అర్థం అడిగితే మనం తెల్లమొహం వేస్తున్నాం. పైగా మేము ఎంచుకున్న పాట ఇంగ్లీషువారి సొత్తు కాదు. అది జర్మను భాషలో పుట్టింది. ఇంగ్లీషులోకి వచ్చినట్టే తెలుగులోకీ వచ్చింది. 'శుద్ధరాత్రి' అనే పేరుతో మన ప్రాంతపు చర్చీల్లో తరతరాలుగా పాడుకుంటున్నారు. ఈ హాలులో కూర్చున్నవారిలో కొందరు దాన్ని అమ్మ ఒడిలో విన్నవారే. అటువంటప్పుడు దాన్ని పరాయి పాట అనడానికి మాకు నోరు రాదు.

ఇంగ్లీషులో దాని పేరు 'సైలెంట్ నైట్'. రాగం తెలియనివారు ఉండరు. మాటల దగ్గరే చిక్కు.

పద్యానికి అర్థం చెప్పేముందు అన్వయం చూసుకోవాలని మన తెలుగు మేష్టర్లు చెప్పేవారు. కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ, ఏ మాట పోయి ఏ మాటతో కలుస్తుంది అని వెతుక్కోవాలి. ఇంగ్లీషు పాటకు కూడా అదే మందు. మొదటి చరణంలో 'యాన్' అని ఒక మాట ఉంది. ఇప్పటి ఇంగ్లీషులో అది వాడుకలో లేదు. 'అదిగో, అక్కడ కనబడే' అని దాని అర్థం. దానికి ముందు 'రౌండ్' అని ఉంది. పిల్లలు ఆ మాటను గుండ్రదనం అనుకుంటారు. ఒకరిద్దరు పిల్లలైతే అది ఎవరో లావుపాటి మనిషి పేరనుకుంటారు. ఇక్కడి అమెరికన్ ఇళ్లలో కూడా ఈ హాస్యం ఉంది, మన పిల్లలకే పరిమితం కాదు. ఆ మాటకు అర్థం 'చుట్టూ' అని. అది కింది మాటలతో పాటు పై పాదంతో కూడా కలుస్తుంది. అంతా ప్రశాంతంగా ఉంది, అంతా వెలుగుగా ఉంది. ఎక్కడ? అదిగో ఆ తల్లి చుట్టూ, ఆమె బిడ్డ చుట్టూ. పాదం దగ్గర ఊపిరి పీల్చుకోవడం వల్ల వాక్యం రెండుగా తెగి అర్థం చెడుతోంది. అంతే.

అటు తరువాత శిశువు కోమలత్వం గురించిన మాటలు వస్తాయి. పిల్లలు వాటిని వర్ణన అనుకుంటారు. నిజానికి అక్కడ పాట తిరుగుతుంది. అంతవరకు మనతో మాట్లాడుతున్న కవి, ఇప్పుడు బిడ్డ వైపు తిరిగి 'ఓ బిడ్డా' అని పిలుస్తున్నాడు. మన వ్యాకరణంలో దీన్ని సంబోధన ప్రథమా విభక్తి అంటారు. ఇంగ్లీషులో సంబోధనకు ప్రత్యయం లేదు కనుక ఇది పిలుపో, వర్ణనో చెవికి తెలియదు. తెలుగు పాటలో ఆ సంశయమే లేదు. 'డా' అని పిలుపు చక్కగా పడుతుంది. ఆ పిలుపు అందుకోకపోతే చివరి పాదం ఎవరితో చెబుతున్నారో తెలియదు. స్వర్గశాంతితో నిద్రించమనే ఆ పాదాన్ని పెద్దవాళ్లలో కూడా కొందరు సమాధి రాళ్లమీద చెక్కే మాటల వంటిదనుకుంటారు. కాదండీ, అది జోల. బిడ్డను ఊపుతూ 'బజ్జో నాన్నా' అని చెప్పే మాట. రాగం కూడా ఉయ్యాల నడకలోనే ఉంది. అన్నమయ్య వేంకటేశ్వరునికి జోల పాడినట్టే ఈ పాట రాసినవాడు తన దేవునికి జోల పాడాడు. దేవుణ్ణి నిద్రపుచ్చడంలో ఉన్న చనువు మనకు కొత్త కాదు.

ఇంతవరకు చెప్పింది నిఘంటువు దగ్గర పెట్టుకుంటే ఎవరైనా చెప్పగలిగినదే. మేము అసలు చెప్పదలచుకున్న విషయం వేరే ఉంది.

జర్మను మూలంలో మొదటి చరణం ఇంగ్లీషు చెప్పినట్టు చెప్పదు. అక్కడ భావం ఇది. లోకమంతా నిద్రపోతోంది. ఒక్క జంట మాత్రం మేలుకొని ఉంది. ఒకరికొకరు ఆప్తులైన ఆ పవిత్ర దంపతులు ఒంటరిగా బిడ్డకు కాపలా కాస్తున్నారు. మూలంలో కన్య అన్న మాట లేదు. మరియ పేరు లేదు, యోసేపు పేరు లేదు, బేత్లెహేము పేరు కూడా లేదు. ఒక జంట, ఒక బిడ్డ, నిద్రపోతున్న లోకం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి తల్లి, బిడ్డ మిగిలారు. తండ్రి జారిపోయాడు. మేలుకొని ఉండడమూ జారిపోయింది. దాని స్థానంలో వెలుగు వచ్చింది.

ఇప్పుడు తెలుగు పాట తెలిసినవారు ఒక్కసారి లోలోపల పాడుకొని చూడండి. అందరూ నిద్రపోయారు, దంపతులు మేలుకొని ఉన్నారు అనే భావం మీకు కనబడుతుంది. అంటే జర్మను మూలంలో ఉన్నదాన్ని ఇంగ్లీషు వదిలిపెట్టింది, తెలుగు నిలబెట్టుకుంది. ప్రపంచమంతటా వినబడే ఇంగ్లీషు అనువాదం కన్నా మన ఊళ్లలో పాడుకొనే తెలుగు పాటే ఈ చోట మూలానికి దగ్గరగా ఉంది. ఈ సంగతి గమనించినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తెలుగులోకి వచ్చినదంతా ఇంగ్లీషు గుమ్మం గుండానే వచ్చిందని అనుకొనే అలవాటు మనకు ఉంది కదా.

ఇది ఎలా జరిగి ఉంటుంది? మా ఊహ చెబుతాము. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ అమెరికా నుండి వచ్చినా, పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో. 1840లలోనే ఉత్తర జర్మనీ మిషను వారు రాజమండ్రిలో పనిచేశారు. 1860లలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషను వారు నెల్లూరు జిల్లా దక్షిణ భాగానికి వచ్చారు. కనుక ఆ పాటను సొంత భాషలో ఎరిగినవారు మన గడ్డమీద చాలాకాలం ఉన్నారు. వారితో కూర్చొని పాటలు కట్టిన తెలుగువారూ ఉన్నారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తిరగేస్తే రాగతాళాలు వేసిన మన కీర్తనల పక్కనే ఇటువంటి పాశ్చాత్య బాణీల పాటలూ కనిపిస్తాయి.

దంపతులు అన్న మాట ఎంత మంచిదో చూడండి. మనకు ఆదిదంపతులు ఉన్నారు, పీటల మీద కూర్చొనే దంపతులు ఉన్నారు. ఆ మాట ఒక్కటే ఇద్దరినీ కలిపి పట్టుకుంటుంది. ఒకరిని తీసేస్తే మాటే మిగలదు. పోతన భాగవతం చదివినవారికి ఆ రాత్రి మరీ పరిచితంగా ఉంటుంది. కృష్ణుడు పుట్టిన వేళ చెరసాల కాపలావాళ్లు నిద్రలో మునిగిపోయారు. మథుర అంతా నిద్రలో ఉండగా దేవకీ వసుదేవులు మేలుకొని ఉన్నారు. రెండు కథలూ ఒకటే అని మేము అనడం లేదు. అటువంటి కలగాపులగం మాకు ఇష్టం లేదు. కాని అర్ధరాత్రి, నిద్రపోతున్న లోకం, పసిగుడ్డు దగ్గర కన్నుమూయని తల్లిదండ్రులు, ఈ చిత్రం తెలుగు చెవికి వివరించి చెప్పనక్కరలేదు.

మరొకటి. మన పాతకాలపు పురిటి ఇళ్లలో తండ్రి ఎక్కడ ఉండేవాడు? వీధి అరుగుమీద. లోపల అమ్మమ్మ, మంత్రసాని, ఇరుగుపొరుగు అమ్మలక్కలు. కబురు వచ్చేదాకా అతనికి లోపలికి ప్రవేశం లేదు. బేత్లెహేము కథలో ఆ బలగం ఎవరూ లేరు. జనాభా లెక్కల కోసం ఊరుగాని ఊరు వెళ్లిన జంట, సత్రంలో చోటు దొరకని జంట. పురుడు పోసేవారి ప్రస్తావనే లేదు. మరి ఆ రాత్రి ఆ తండ్రే కదా నీళ్లు పెట్టి ఉంటాడు, దీపం చూసి ఉంటాడు, గడ్డి సర్ది ఉంటాడు. ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో మనలో చాలామందికి మొదటి కాన్పు ఇలాగే గడిచింది. అమ్మకు వీసా రాలేదు, అత్తగారు రాలేని పరిస్థితి. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన మొదటి రాత్రి అపార్టుమెంటులో ఇద్దరే. కిటికీ బయట మంచు. ఊరంతా నిద్ర. బిడ్డ ఏడిస్తే ఎందుకు ఏడుస్తోందో చెప్పేవారు లేరు. అరుగుమీద కూర్చోవలసినవాడు పాలసీసా పట్టుకొని తెల్లవార్లూ గదిలో తిరిగాడు. ఆ జంటలకు ఈ పాటలో ఇంగ్లీషు వదిలిపెట్టిన ముక్కే ఎక్కువ అర్థమవుతుంది. ఇది మతానికి సంబంధించిన మాట కాదు, అనుభవానికి సంబంధించినది.

ఇక పాట రాసినవాని సంగతి చెప్పాలి. అతని జీవితం తెలిస్తే ఆ దంపతుల మాట మరీ బరువుగా వినిపిస్తుంది.

అతని పేరు యోజెఫ్ మోర్. 1792 డిసెంబరు 11న సాల్జ్‌బర్గ్‌లో పుట్టాడు. తల్లి అల్లికపని చేసి పొట్టపోసుకొనే పేదరాలు. తండ్రి సైనికుడు. వారికి పెళ్లి కాలేదు. బిడ్డ పుట్టేనాటికే తండ్రి సైన్యాన్నీ, ఆమెనూ వదిలి పారిపోయాడు. ఆ రోజుల్లో అటువంటి బిడ్డకు జ్ఞానస్నానపు తండ్రిగా నిలబడడానికి ఎవరు ముందుకు వస్తారు? సాల్జ్‌బర్గ్ నగరంలో మరణశిక్షలు అమలుచేసే తలారి పేరు అక్కడ రాశారు. అతను కూడా స్వయంగా రాలేదు, మనిషిని పంపాడు. పిల్లవాని గొంతు బాగుంటే దేవాలయ గాయక బృందం పెద్ద ఒకాయన చేరదీసి చదివించాడు. 1815లో మోర్ గురువు అయ్యాడు. పెళ్లి కాని తల్లికి పుట్టినవాడు గురుత్వానికి అర్హుడు కాడు కనుక దానికి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇటువంటివాడు మరుసటి ఏడు, ఇరవైమూడేళ్ల వయసులో కలం పట్టుకొని, బిడ్డ పక్కన తల్లినీ తండ్రినీ ఇద్దరినీ మేలుకొలిపి కూర్చోబెట్టాడు. తనకు దొరకనిదాన్ని పాటలో రాసుకున్నాడని అనడం మా ఊహే. కాని ఆ ఊహను పక్కన పెట్టడం మాకు సాధ్యం కాలేదు.

అతను ఆ పద్యం రాసింది 1816లో, మారియాప్ఫార్ అనే కొండప్రాంతపు ఊళ్లో. ఆ ఊరి దేవాలయంలో పాత చిత్రపటం ఒకటి ఉంది. అందులో బాలయేసుకు ఉంగరాల జుట్టు ఉంటుంది. మూలంలోని శిశువుకు కూడా ఉంగరాల జుట్టు ఉంది. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఆ జుట్టు రాలిపోయింది. పోతే పోయింది, దానికి మాకు పెద్ద బాధ లేదు.

1816 అన్న సంవత్సరాన్ని మాత్రం గుర్తుంచుకోవాలి. నెపోలియన్ యుద్ధాలు ముగిసి ఏడాది అయింది. సాల్జ్‌బర్గ్ ప్రాంతం పదిహేనేళ్ల లోపల చేతులు మారి మారి, ఆ ఏడు మే నెలలో ఆస్ట్రియాకు దక్కింది. దానికి తోడు అంతకు ముందటి ఏడు ఏప్రిల్‌లో, ఈనాటి ఇండొనేషియాలో ఉన్న తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి ఆకాశాన్ని కప్పి ఐరోపాలో 1816న ఎండాకాలమే లేకుండా చేసింది. పంటలు పోయాయి, తిండిగింజల ధర మండింది. ఎక్కడి తంబోరా, ఎక్కడి ఆల్ప్స్ కొండలు! ప్రశాంతమైన రాత్రి అని రాసినవాని చుట్టూ ప్రశాంతి లేదు. ఉన్నదాన్ని వర్ణించలేదు, కావలసినదాన్ని కోరుకున్నాడు.

1817లో అతన్ని ఓబర్న్‌డార్ఫ్ అనే ఊరికి మార్చారు. అది సాల్జాఖ్ నది ఒడ్డున ఉంది. హల్లైన్ గనుల ఉప్పును పడవలమీద రవాణా చేసేవారి ఊరు. నదికి అవతలి ఒడ్డున లౌఫెన్ పట్టణం. అంతవరకు రెండూ ఒకే ఊరు. 1816 ఒడంబడికలో నదినే సరిహద్దుగా గీశారు. పట్టణం బవేరియాకు, శివారు ఆస్ట్రియాకు పోయాయి. అవతలి గట్టున ఉన్న చుట్టాలు రాత్రికి రాత్రి పరదేశీయులయ్యారు. పడవవాళ్ల బతుకు కూడా దెబ్బతిన్నది. ఆ జనం మధ్యకు వచ్చాడు మోర్. పడవవాళ్లతో కలిసిమెలిసి తిరుగుతాడని, వేళాకోళాలాడతాడని, గురువుకు తగని పాటలు పాడతాడని పైనున్న పెద్ద గురువు ఫిర్యాదు రాసిపెట్టాడు. ఆ ఫిర్యాదు వల్లనే ఆ మనిషి స్వభావం మనకు కొంత తెలుస్తోంది. ఫిర్యాదులకు కూడా ఒక్కొక్కసారి చరిత్రలో ప్రయోజనం ఉంటుంది.

1818 డిసెంబరు 24న మోర్ తన పాత పద్యాన్ని ఫ్రాన్జ్ జేవర్ గ్రూబర్ చేతికి ఇచ్చాడు. గ్రూబర్ నేతపనివాని కుమారుడు, పక్కనున్న ఆర్న్స్‌డార్ఫ్‌లో బడిపంతులు, ఓబర్న్‌డార్ఫ్ గుడిలో ఆర్గన్ వాయించేవాడు. రెండు గొంతులకు, గాయక బృందానికి, గిటారుకు సరిపడేటట్టు బాణీ కట్టమని అడిగాడు మోర్. ఆ సాయంత్రానికి బాణీ సిద్ధం. ఆ రాత్రే పాడారు. గిటారు మోర్ వాయించాడు. ఎలుకలు ఆర్గన్ తోలుతిత్తులు కొరికేశాయని, అందుకే గిటారు వాడారని ఒక కథ ప్రచారంలో ఉంది. గ్రూబర్ 1854లో స్వయంగా రాసిన వివరణలో ఎలుకల మాట లేదు. కథ ముచ్చటగా ఉంది కనుక బతికింది.

మూలంలో మొత్తం ఆరు చరణాలు ఉన్నాయి. మనం పాడేవి మూడే. ఒకటి, ఆరు, రెండు, ఆ వరుసలో. ఆర్గన్ మరమ్మతు చేసే మౌరాఖర్ అనే పనివాడు ఈ పాటను టిరోల్‌లోని జిల్లర్ లోయకు తీసుకుపోయాడు. అక్కడి గాయక కుటుంబాలు దాన్ని ఊరూరా తిప్పాయి. వాటిలో రైనర్ కుటుంబం 1839లో న్యూయార్కులో, ట్రినిటీ చర్చి దగ్గర పాడిందని చెబుతారు. ఇరవై ఏళ్ల తరువాత, 1859లో, అదే చర్చిలో పనిచేస్తున్న జాన్ ఫ్రీమన్ యంగ్ ఇంగ్లీషు అనువాదం ప్రచురించాడు. ఆయన తరువాత ఫ్లోరిడాకు బిషప్ అయ్యాడు. ఆయన అనువదించింది మూడు చరణాలనే. తప్పంతా ఆయన మీద మోపడం అన్యాయం. జర్మనులు కూడా సాధారణంగా ఆ మూడే పాడతారు. పెద్ద పాటను కుదించుకోవడం లోకసహజం. మన త్యాగరాజ కీర్తనల్లో ఎన్ని చరణాలు కచేరీల్లో వినబడుతున్నాయి?

కాని పోయినవాటిలో నాలుగవ చరణం ఉంది. దాని భావం మా మాటల్లో చెబుతాము. ఈ రాత్రి తండ్రిప్రేమ తన శక్తినంతటినీ కుమ్మరించింది, యేసు అన్నదమ్ములా ప్రపంచ జాతులన్నింటినీ కౌగిలించుకున్నాడు అని. ఐదవ చరణంలో, కోపాన్ని విడిచిన ప్రభువు లోకమంతటినీ దండించకుండా విడిచిపెడతానని అనాదికాలంలోనే మాట ఇచ్చాడని ఉంది. ఇరవైయేళ్లకు పైగా ఫ్రెంచివారూ, బవేరియన్లూ, ఆస్ట్రియన్లూ తమ పొలాలు తొక్కుతూ పోరాడితే చూసిన జనానికి, నది మధ్య గీత గీయించుకున్న జనానికి ఈ మాటలు ఎలా వినబడి ఉంటాయో ఆలోచించండి. తండ్రి లేనివాడు తండ్రిప్రేమ అన్నాడు. తోడబుట్టినవాని లాగా అన్ని జాతులనూ కౌగిలించుకోవడం అన్నాడు. ఇంగ్లీషు పాటలో మొదటి చరణం నుండి తండ్రి పోయాడు, నాలుగవ చరణంతో తమ్ముడూ పోయాడు. మిగిలింది తల్లి, బిడ్డ, వెలుగు. అది కూడా అందమైన చిత్రమే. కాని మోర్ గీసిన చిత్రం అది కాదు.

1914 డిసెంబరు 24 రాత్రి, మొదటి ప్రపంచయుద్ధంలో, పశ్చిమ రంగాన కందకాల్లో ఎదురెదురుగా ఉన్న జర్మను, బ్రిటిషు సైనికులు కొన్నిచోట్ల కాల్పులు ఆపి పాటలు పాడుకున్నారు. వాటిలో ఇదీ ఉంది. ఒక పక్క జర్మనులో, ఒక పక్క ఇంగ్లీషులో. జాతులన్నీ కౌగిలించుకోవడం గురించిన చరణం ఆ పాటలోనే ఉందని వారిలో ఎందరికి తెలుసు? చాలామందికి తెలియకుండానే, ఆ రాత్రికి కందకాలు దాటి వచ్చి చేతులు కలిపారు. తరువాత ఏమైందో మీకు తెలిసినదే. ఆ యుద్ధం ఇంకా నాలుగేళ్లు సాగింది.

రాసినవాని గతి కూడా చెప్పి ముందుకు పోతాము. పాట ప్రసిద్ధికెక్కింది గాని పేరు పోయింది. టిరోల్ జానపదగీతం అన్నారు, ఎవరో పెద్ద సంగీతవిద్వాంసుని రచన అన్నారు. 1854లో ప్రష్యా రాజాస్థాన సంగీత బృందం బెర్లిన్ నుండి వాకబు చేస్తేగాని గ్రూబర్ కాగితం మీద వివరణ పెట్టలేదు. అప్పటికి మోర్ పోయి ఆరేళ్లయింది. 1848 డిసెంబరు 4న, వాగ్రాయిన్ అనే పల్లెలో, పేదవాడిగానే పోయాడు. పేదపిల్లల చదువుకోసం ఆ ఊళ్లో బడి కట్టించినవాడు. పద్యం 1818లో రాసిందని చాలాకాలం అనుకున్నారు. 1995లో మోర్ చేతివ్రాత ప్రతి బయటపడ్డాక గదా 1816 అన్న సంవత్సరం నిలబడింది, బాణీ గ్రూబర్‌దని మోర్ స్వయంగా రాసినదీ కనబడింది. ఓబర్న్‌డార్ఫ్‌లోని ఆ పాత గుడి నది వరదలకు దెబ్బతిని కూల్చివేయబడింది. ఆ చోట 1937లో చిన్న ప్రార్థనామందిరం వెలసింది.

చివరగా ఒక మాట గురించి. రెండవ చరణంలో (మనం పాడే వరుసలో అది మూడవది) జర్మను మూలం ప్రకారం బిడ్డ నోట ప్రేమ నవ్వుతోంది. వెలగడం కాదు, నవ్వడం. ఇంగ్లీషు అనువాదకుడు ఆ నవ్వును కాంతికిరణాలుగా మార్చాడు. తెలుగువాడు ఆ ముఖాన ప్రేమ ఒలుకుతోందన్నాడు. నవ్వు అన్న మాట తెలుగులోనూ లేదు గాని, ప్రేమ ఒలికే ముఖం అంటే మనకు బోసినవ్వే గుర్తుకు వస్తుంది. కిరణాలు పటంలో ఉంటాయి, బోసినవ్వు ఒళ్లో ఉంటుంది. ఈ విషయంలో మా పక్షపాతం దాచుకోలేము.

దూతల కబురు మొదట విన్నది గొర్రెల కాపరులు. తెలుగు పాటలో వారు గొల్లలయ్యారు. ఆ ఒక్క మాటతో బేత్లెహేము పొలాలు మన పల్నాటి బీళ్లయి కూర్చున్నాయి. గొంగళి, చేతికర్ర, మంద చుట్టూ కంచె. అర్ధరాత్రి మేలుకొని ఉండడం వారి వృత్తి. కనుక ఆ రాత్రి ఆ దంపతులు కాక మేలుకొని ఉన్నవారు వారే. కబురు వారికి మొదట అందడంలో వింత ఏముంది?

మాకు ఇచ్చిన వ్యవధి దాటిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఆరు చరణాల భావమూ తెలుగులో రాసి, ప్రతులు తీయించి, ద్వారం దగ్గర కాఫీ బల్లమీద పెట్టాము. కావలసినవారు తీసుకోవచ్చు. పిల్లలు చదవలేకపోతే పక్కన కూర్చొని చదివి వినిపించండి. ముఖ్యంగా నాలుగవది.

ఇప్పుడు పిల్లలు ఈ వేదిక మీద ఆ పాట పాడతారు. ముందు ఇంగ్లీషులో, తరువాత తెలుగులో. తెలుగులో దంపతులు అన్న మాట వచ్చిన చోట తొందరపడకుండా నిదానంగా పాడమని చెప్పి ఉంచాము. తండ్రులు కాస్త శ్రద్ధగా వినవలసిందని మనవి. సెలవు.